కళ్లకన్నా ముందు కాళ్లు

బేస్‌బాల్‌లో ఫస్ట్ బేస్ దగ్గర ఔటా, సేఫా అని తేల్చాల్సిన అంపైర్ చివరిదాకా బంతిని చూడడు. ఫీల్డర్ చేతిలోంచి బంతి వెలువడి సూటిగా వస్తోందని రూఢి అవగానే చూపు తిప్పి బేస్ మీద నిలుపుతాడు. రన్నర్ కాలు బేస్‌ను తాకడం కంటితో చూస్తాడు, బంతి గ్లవ్‌లో పడడం చెవితో వింటాడు. చప్పుడు ముందా, అడుగు ముందా అన్నదే తీర్పు.

అది సరిగ్గా తెలియాలంటే నిలబడ్డ చోటు సరిగ్గా ఉండాలి. బంతి వచ్చే దారికి ఇంచుమించు 90 డిగ్రీల కోణంలో, బేస్‌కు 15 నుంచి 18 అడుగుల దూరంలో నిలబడమని శిక్షణలో చెబుతారు. మరీ దగ్గరికి వెళ్తే కాలూ, గ్లవ్వూ ఒకే చూపులో ఇమడవు. రన్నర్‌ను ఫీల్డర్ బంతితో తాకాల్సిన చోట మాత్రం దగ్గరికి వెళ్లక తప్పదు. గ్లవ్‌కూ ఒంటికీ మధ్య సందు కనబడాలి మరి. క్రికెట్‌లో రనౌట్ కోసం బౌలర్ వైపు అంపైర్ పక్కకు పరుగెత్తడం మనకు అలవాటైన దృశ్యమే. బేస్‌బాల్ అంపైర్ అలాంటి కోణాన్ని ఆటంతా, బంతి ఎటు వెళ్తే అటు, కొత్తగా వెతుక్కుంటూ ఉంటాడు.

మేజర్ లీగ్‌లో నలుగురు అంపైర్లు ఉంటారు. ఈ విద్య అందం తెలియాలంటే మాత్రం ఇద్దరే ఉన్న ఆట చూడాలని నేనంటాను. అమెరికాలో హైస్కూలు ఆటలు చాలావరకు ఇద్దరితోనే నడుస్తాయి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో మన పిల్లలు ఆడుతుంటే చూడడానికి వెళ్లే తల్లిదండ్రులకు ఎక్కువగా కనిపించేదీ ఇదే: ప్లేట్ వెనక ఒకరు, బేస్‌ల దగ్గర ఒకరు.

బేస్‌లు ఖాళీగా ఉన్నప్పుడు రెండో అంపైర్ ఫస్ట్ బేస్‌మన్ వెనక, ఫౌల్ గీతకు అవతల నిలబడతాడు. ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉంటే మైదానం లోపలికి వచ్చి, పిచ్చర్ దిబ్బకూ సెకండ్ బేస్‌కూ నడుమ చేరతాడు. బంతి ఇన్‌ఫీల్డ్‌లో ఉంటే అంపైర్ బయటినుంచి చూడాలి, బంతి ఔట్‌ఫీల్డ్‌కు వెళ్తే తాను లోపలికి రావాలి. బేస్‌ల మీద రన్నర్లు లేనప్పుడు పద్ధతికి ఆధారం ఈ సూత్రమే.

ఫస్ట్ బేస్ మీద రన్నర్ ఉండగా బ్యాటర్ లెఫ్ట్ ఫీల్డ్‌లోకి కొట్టాడనుకుందాం. ప్లేట్ అంపైర్ ఎడమ చేత్తో మాస్కు తీస్తాడు, ఎందుకంటే ఔట్ సైగ ఇవ్వడానికి కుడిచేయి ఖాళీగా ఉండాలి. రన్నర్ వస్తే థర్డ్ బేస్ తనదని తోటి అంపైర్‌కు వినబడేలా అరుస్తూ అటు పరుగెత్తుతాడు. ఈలోగా లోపలున్న అంపైర్, రన్నర్ సెకండ్ బేస్‌ను తొక్కాడో లేదో చూసి, వెంటనే తిరిగి బ్యాటర్ ఫస్ట్ బేస్‌ను తాకాడో లేదో చూడాలి. థర్డ్ బేస్ దగ్గర బంతి చేజారిందా, ప్లేట్ అంపైర్ రన్నర్‌తోపాటే మళ్లీ హోమ్‌కు పరుగు తీయాలి. పది సెకన్లు పట్టని ఈ తతంగంలో ఇద్దరూ ఒకే బేస్‌కు చేరారంటే ఇంకో బేస్‌కు దిక్కు లేనట్టే.

ప్లేట్ వెనక పని వేరు. క్యాచర్‌కూ బ్యాటర్‌కూ మధ్య ఉన్న సందులో, గడ్డం క్యాచర్ తల ఎత్తుకు వచ్చేలా కూర్చోవాలి. గంటకు 95 మైళ్ల వేగంతో వచ్చే బంతి 17 అంగుళాల వెడల్పున్న ప్లేట్‌ను చేరడానికి సెకనులో పదింట నాలుగు వంతులు చాలు. తల కదిలితే ఆ బంతి ఎటు పోయిందో తెలియదు, కళ్లే దాని వెంట వెళ్లాలి. బంతి గ్లవ్‌లో పడ్డాక ఒక్క క్షణం ఆగి, చూసింది మనసులో తేల్చుకుని పలకాలి. తొందరపడ్డ తీర్పే ఎక్కువగా తప్పుతుంది.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన ఆనవాయితీ ఒకటుంది. ఫౌల్ బంతి తగిలి క్యాచర్ విలవిల్లాడితే, అంపైర్ ముందుకొచ్చి శుభ్రంగా ఉన్న ప్లేట్‌నే బ్రష్‌తో మళ్లీ తుడుస్తాడు, అతను తేరుకునేదాకా. దెబ్బ అంపైర్‌కు తగిలితే క్యాచర్ ఏదో మాట్లాడే పని ఉన్నట్టు పిచ్చర్ దగ్గరికి నడుస్తాడు.

ఇంత శిక్షణా ఒక్కోసారి చాలదు. 2010 జూన్ 2న డెట్రాయిట్‌లో పిచ్చర్ అర్మాండో గలరాగా వరసగా 26 మందిని ఔట్ చేశాడు. ఇంకొక్కరు ఔటైతే పర్ఫెక్ట్ గేమ్, అంటే ప్రత్యర్థుల్లో ఒక్కరినీ బేస్ చేరనివ్వని ఆట. ఫస్ట్ బేస్ దగ్గరున్న అంపైర్ జిమ్ జాయిస్‌కు రెండు దశాబ్దాలకు పైగా అనుభవం ఉంది. స్పష్టంగా ఔటైన రన్నర్‌ను ఆయన సేఫ్ అన్నాడు. ఆట ముగిశాక రీప్లే చూసి తప్పు తనదేనని విలేఖరుల ముందు ఒప్పుకున్నాడు, గలరాగాకు క్షమాపణ చెప్పాడు. మరునాడు ప్లేట్ వెనక ఆయన వంతు. సెలవు తీసుకునే అవకాశమిచ్చినా తీసుకోలేదు. ఆటగాళ్ల జాబితా ఆయన చేతికివ్వడానికి స్వయంగా గలరాగానే వచ్చాడు. జాయిస్ కళ్లు తుడుచుకుని ఆట మొదలుపెట్టాడు. తప్పు తర్వాత ఎలా నిలబడాలో ఆ రోజును చూసి నేర్చుకోవచ్చు.

2014లో రీప్లే సమీక్ష పరిధి పెరిగింది. 2026 సీజన్‌కు స్ట్రైక్ తీర్పుల మీద ఛాలెంజ్ పద్ధతిని ఆమోదించారు. మన క్రికెట్ ప్రేక్షకులకు తెలిసిన హాక్-ఐ కెమెరాలే దానికి ఆధారం. అయితే ముందు అంపైర్ చెప్పాలి, ఆ తర్వాతే బ్యాటరో, పిచ్చరో, క్యాచరో సవాలు చేయాలి. ఈ రెండు మార్పులనూ నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను, జాయిస్‌కు ఆ రాత్రి రీప్లే అండ ఉండి ఉంటే ఎంత బాగుండేది!

కానీ ఇన్‌ఫీల్డ్ ఫ్లై లాంటివి ఇంకా మనిషి పనే. ఫస్ట్, సెకండ్ బేస్‌ల మీద రన్నర్లుండి, ఇద్దరికన్నా తక్కువమంది ఔటైనప్పుడు, పైకి లేచిన సులువైన క్యాచ్‌ను ఫీల్డర్ కావాలనే వదిలేసి ఇద్దరిని ఔట్ చేయవచ్చు. ఆ దగా జరగకుండా బ్యాటర్ ఔటని అంపైర్లు ముందే ప్రకటిస్తారు. అలాంటి పరిస్థితి రాగానే, పిచ్చర్ బంతి వేయకముందే, అంపైర్లు ఒకరికొకరు సైగతో గుర్తుచేసుకుంటారు. బంతి పైకి లేచాక, ఫీల్డర్ దాని కింద కుదురుకున్నాడని తేల్చుకుని, వేలు పైకెత్తి రన్నర్లందరికీ వినబడేలా అరవాలి.