జీతగాని పనికి పేరేది?

కోస్తాలో పాలేరు, మా ముదిగుబ్బ దిక్కు జీతగాడు. బోయి భీమన్న ‘పాలేరు’ నాటకంలో వెంకన్న చదువుకొని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసి ఎందరో దళితులు పిల్లల్ని బడికి పంపినారు. ఆ మేలు నేను కాదనను. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటోణ్ణి నేనే. కాని దొడ్డి విడిచి పోవడమే విముక్తి అయితే, దొడ్డిలో మిగిలినోళ్ల సంగతేంది?

పెద్దరైతు సేద్యంలో పసులు కాసేది చిన్న జీతగాడు. మడక దున్నేది, కపిల తోలేది పెద్ద జీతగాడు. ఎద్దుల్ని వెనక్కి నడిపించి బాన బావిలోకి దించడం తేలికైన విద్యేమీ కాదు. ఆ బాన తోలు పదును చేసి కుట్టింది మాదిగ. ఆ తోలుబానతో తోడిన నీళ్లు మడికి పారితే మైల లేదు. మాదిగ కడవ ముంచితే మాత్రం మైల!

1800లో సీమ కుంపిణీ చేతికి పోయినాక, మన్రో రైతువారీ లెక్కల్లో శిస్తు కట్టే రైతు పేరెక్కింది, బాన కుట్టినోని పేరెక్కలేదు. 1976 చట్టం వెట్టిచాకిరీని రద్దు చేసింది, ఆ విద్యకు గౌరవం తేలేదు. సాహిత్యమూ అంతే: జీతగాని కన్నీళ్లు రాసింది, పనితనం రాయలేదు. జాలి మనకొద్దు. ఆ పనితనాన్ని చరిత్రగా మనమే రాయాల.