పద్నాలుగేళ్ళకి ఏ పుస్తకం?

మా అక్క కూతురు నర్సీపట్నంలో తొమ్మిదో తరగతి చదువుతోంది. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు “మావయ్యా, ఏదైనా మంచి బుక్ చెప్పవా? సెల్లు పట్టుకుంటే అమ్మ తిడుతోంది” అని అడిగింది. పుస్తకాల గురించి అప్పుడప్పుడూ నాలుగు ముక్కలు రాస్తుంటాను కాబట్టి ఆ మాత్రం చెప్పలేనా అనుకున్నాను. తీరా కూర్చుంటే ఒక్క పేరూ తట్టలేదు.

చివరికి రెండు ఇచ్చాను. ఒకటి దాసరి సుబ్రహ్మణ్యంగారి చందమామ సీరియల్. రెండోది ‘బుడుగు’. రెండూ రెండ్రోజుల్లో వెనక్కొచ్చాయి. సీరియల్ గురించి “ఏటి మావయ్యా, ఇది తమ్ముడికియ్యి” అంది. బుడుగు గురించి ఏమీ అనలేదు. నేనే గుచ్చిగుచ్చి అడిగితే “నవ్వొచ్చింది గానీ, అది మీకోసం రాసింది కదా” అంది. నాకు కొంచెం కష్టంగానే అనిపించింది. కానీ నిజమే. ముళ్ళపూడి పిల్లాడి గొంతుతో రాసినా, ఆ చమత్కారం అందాలంటే చదివేవాడు బాల్యం దాటి వచ్చి వెనక్కి చూడాలి. బాల్యం నుంచి ఇంకా బయటపడుతున్న పిల్లకి ఆ దూరం ఎక్కడిది?

ఇంగ్లీషులో ఈ వయసు వాళ్ళకి ‘యంగ్ అడల్ట్’ అని ఒక అరే ఉంది. ఆ అరకి దారి వేసిన పుస్తకాల్లో 1967లో వచ్చిన ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ ఒకటి. రచయిత్రి అది మొదలుపెట్టినప్పుడు హైస్కూల్లో ఉంది. తన వయసు వాళ్ళ గురించి నిజంగా చెప్పే పుస్తకం దొరక్క తనే రాసుకుంది. మనకి అలాంటి అర లేదు. నా తరం చందమామ నుంచి ఒక్క గెంతులో మధుబాబు షాడో మీదకో, యండమూరి ‘తులసిదళం’ మీదకో దూకేసింది. ఆ గెంతు వల్ల మాకేమీ నష్టం జరగలేదని చాలామంది అంటారు. జరగలేదేమో. కానీ ఇప్పుడు ఆ గెంతడానికి చందమామ కూడా లేదు, ఆగిపోయి పదేళ్ళు దాటింది. ఊళ్ళో పుస్తకాల షాపుకెళ్తే గైడ్లూ, టెస్ట్ పేపర్లూ, లాంగ్ నోట్‌బుక్కులూ.

నా ఉద్యోగంలో దీన్ని ‘కోల్డ్ స్టార్ట్’ సమస్య అంటాం. కొత్తగా వచ్చిన మనిషికి ఏం నచ్చుతుందో సిస్టమ్‌కి తెలీదు, పాత డేటా ఉండదు కాబట్టి. అలాంటప్పుడు అది అందరికీ నచ్చినవే చూపిస్తుంది. నేను చేసింది అంతకన్నా అన్యాయం. నా పాత డేటా తీసి ఆ పిల్లకి అంటగట్టాను. నేను పుస్తకం ఎంచింది తనకోసం కాదు, పద్నాలుగేళ్ళప్పటి నాకోసం.

మూడోసారి కొంచెం ఆలోచించి చింగీజ్ ఐత్‌మాతోవ్ ‘తొలి ఉపాధ్యాయుడు’ ఇచ్చాను. 1962 నాటి కిర్గిజ్ నవలిక. సోవియట్ పుస్తకాల రోజుల్లో తెలుగులోకి వచ్చింది. 1924లో దుయిషేన్ అనే కుర్రాడు ఓ పల్లెలో పాత గుర్రపుశాలని బాగుచేసి బడి పెడతాడు. తనకే చదవడం అంతంతమాత్రం. మంచునీళ్ళ వాగు దాటడానికి పిల్లల్ని వీపున మోస్తాడు. ఆ బడిలో చదివే అల్తినాయ్ తల్లీతండ్రీ లేని పిల్ల, వయసు పద్నాలుగో పదిహేనో. పిన్ని ఆమెని ఒకడికి రెండో పెళ్ళాంగా అమ్మేస్తుంది. అడ్డుపడ్డ దుయిషేన్‌ని చెయ్యి విరిగేలా కొడతారు. అయినా అతను వెళ్ళి ఆ పిల్లని విడిపించి, చదువుకోమని పట్నం రైలెక్కిస్తాడు.

ఈ పుస్తకం వారం దాకా వెనక్కి రాలేదు. వచ్చినప్పుడు తను పెళ్ళి గురించి మాట్లాడుతుందనుకున్నాను. ఎందుకంటే తన క్లాసులో ఏజెన్సీ వైపు నుంచి వచ్చే ఒకమ్మాయి దసరా సెలవుల తర్వాత మళ్ళీ రాలేదనీ, సంబంధం కుదిరిందనీ అక్క చెప్పింది. మా పిల్ల దాని మాట ఎత్తలేదు. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఊళ్ళో కొత్త బడి తెరిచే రోజు సంగతి ఎత్తింది. పెద్ద విద్యావేత్త అయిన అల్తినాయ్ గౌరవ అతిథి. ముసలివాడైన దుయిషేన్ ఇప్పుడు పోస్ట్‌మాన్. అభినందన టెలిగ్రాములు తెచ్చిచ్చి బయటి నుంచే వెళ్ళిపోతాడు. “ఆయన్ని లోపలికి రమ్మని గట్టిగా ఎవరూ పిలవలేదేటి మావయ్యా? ఆవిడైనా ముందే ఎందుకు వెతకలేదు?”

కాసేపాగి, “మేం కూడా వాళ్ళింటికెళ్ళి అడగలేదు” అంది.

నేను ఆ పుస్తకం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ దాన్ని ఒక గొప్ప టీచరు కథగానే చదివాను. అలా చదివితే అందులో లోపం కూడా కనిపిస్తుంది. దుయిషేన్ మరీ మంచివాడు, అక్కడక్కడా పార్టీ పాఠం వినిపిస్తుంది. మా పిల్ల చదివింది అల్తినాయ్ కథ. ఎవరి వల్ల పైకొచ్చిందో ఆ మనిషిని మర్చిపోయిన మనిషి కథ. ఒకచోట రైల్లోంచి చూసి అతనే అనుకుని అల్తినాయ్ గొలుసు లాగుతుంది. అతను కాదు, వేరెవరో. ఆ పేజీ తను రెండుసార్లు చదివిందట. పుస్తకం బలం అక్కడుందని నాకప్పుడు తెలిసింది. రచయిత ఆమెని క్షమించమని అడగడు, నిందించమనీ అనడు.

ఈ వయసు నవలకి నా కొలత ఇప్పుడదే. కథానాయిక వయసు పద్నాలుగు కావడం చాలదు. అందులో పోగొట్టుకోడానికి నిజంగా ఏదో ఉండాలి, చివర్లో నీతి చెప్పి దాన్ని తిరిగిచ్చెయ్యకూడదు. ఈ లెక్కన పిల్లలది అని ఎవరూ అనని కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ కూడా ఈ అరలోకే వస్తుంది. చూలుపందిని వెతుక్కుంటూ అడవిలోకి పోయిన ముసలివాడి కథ. చివరికి ఏం మిగిలిందో నేను చెప్పను.

ఉగాదికి అది పట్టుకెళ్తే, మా పిల్ల అట్ట తిప్పి చూసి “మళ్ళీ జంతువుల కథేనా” అంది. చదవమని బతిమాలలేదు. టేబుల్ మీద పెట్టి వచ్చాను. ‘తొలి ఉపాధ్యాయుడు’ మాత్రం వెనక్కి తెచ్చుకుందామంటే దొరకలేదు. ఇంకో ఫ్రెండ్ చేతిలో ఉందట.

వచ్చే ఆదివారం వాళ్ళిద్దరూ కలిసి, రాని ఆ అమ్మాయి ఊరికి వెళ్తామంటున్నారట. అక్క వద్దంటోంది. నేను కూడా వెళ్తే పంపిస్తానంది. టికెట్ బుక్ చేశాను.