'ఇచ్చు'టకు జపాను భాషలో రెండు క్రియలు

ఆంగ్లానువాదమును ఆధారముగా గొని జపాను గ్రంథములను తెనిగించునపుడు ఏమి జాఱిపోవునో తెలిసికొనుటకు 'ఇచ్చు' అను అర్థముగల క్రియలు మంచి నిదర్శనము. 'కురెరు', 'అగెరు' అను రెండింటికిని ఆంగ్లమున ఒక్కటే పదము. దానిని మనము 'ఇచ్చు' అని మార్చుకొని తృప్తి పడుచున్నాము. కాని యివి పర్యాయపదములు కావు.

ఇతరులు వక్తకు గాని, వక్త తనవారిగా నెంచినవారికి గాని ఇచ్చినచో 'కురెరు'. వక్త ఇతరులకిచ్చినను, పరులు పరులకిచ్చినను 'అగెరు'. 'మిత్రుడు తమ్మునికి పుస్తకమిచ్చెను' అను వాక్యమును చూతము. 'కురెరు' ప్రయోగించినచో ఆ తమ్ముడు వక్త తమ్ముడని వేఱుగ చెప్పనక్కఱలేదు. 'అగెరు' ప్రయోగించినచో మిత్రుని తమ్ముడే ముందు స్ఫురించును.

ద్రావిడభాషలకు ఇట్టి భేదము క్రొత్త కాదు. 'వచ్చు', 'ఇచ్చు' అను అర్థములుగల ద్రావిడక్రియలను గూర్చి ఎమెనో 1945లో వ్యాసము ప్రకటించెను. మలయాళమున నాకు గాని నీకు గాని ఇచ్చుట 'తరుక', అన్యునికిచ్చుట 'కొడుక్కుక'. ఇది జపాను పద్ధతియే యని భ్రమపడరాదు. నేను నీకిచ్చినచో మలయాళమున 'తరుక', జపానులో 'అగెరు'. పరుడు నా తమ్మునికిచ్చినచో మలయాళమున సామాన్యముగా 'కొడుక్కుక', జపానులో 'కురెరు'. మొదటిదానికి ప్రమాణము పురుషభేదము, రెండవదానికి స్వపరభేదము.

తెలుగు 'ఇచ్చు' ధాతువున ఈ రెండు భేదములును లేవు. 'తరుక'కు మూలమైన ధాతువు మనకు 'తెచ్చు' అను అర్థమున మాత్రమే నిలిచినది. గౌరవభేదమునకు మాత్రము కొఱత లేదు. పెద్దలకిచ్చు 'సషిఅగెరు'నకు 'సమర్పించు', పెద్దలు మనకిచ్చు 'కుదసరు'నకు 'దయచేయు' చక్కగ సరిపోవును.

ఈ క్రియలు అనుప్రయుక్తములైనపుడు చిక్కు హెచ్చును. 'కైతె కురెత' అనగా వ్రాసి, ఆ మేలు మాకు చేసెనని భావము. కర్తృపదము లేదు, సంప్రదానము లేదు. అయినను మేలు ఎవరి వైపునకు వచ్చెనో తెలియుచున్నది. ఆంగ్లానువాదమును అనుసరించినవాడు 'నాకొఱకు వ్రాసెను' అని యూరకుండును. మూలమును చూచినవాడు 'నాకు వ్రాసిపెట్టెను' అనగలడు. 'పెట్టు' అను మన అనుప్రయోగము ఉపకారమును తెలుపును. కాని 'నేను వానికి వ్రాసిపెట్టితిని' అనియు అందుము గనుక అది దిక్కును తెలుపదు. కావున 'నాకు', 'మావానికి' వంటి పదమును అనువాదకుడే చేర్చవలెను. ఆంగ్లమును నడుమ నుంచుకొనుటచే పోవునది జపాను భాషలోని సూక్ష్మత మాత్రమే కాదు, దానికి దీటుగా తెలుగు చూపగల శక్తియు వృథా యగుచున్నది.

నిఘంటుకర్తలు ఇట్టి క్రియలకు అర్థమొక్కటి వ్రాసి విడువరాదని మా తలంపు. ఎవరు ఎవరికిచ్చిరో, వక్త ఎవరి పక్షమున నిలిచి పలుకుచున్నాడో ఉదాహరణముతో చూపవలెను. అది లేని నిఘంటువు విద్యార్థికి పదము నిచ్చును గాని ప్రయోగము నీయజాలదు.