బి మారితే పరావలయం ఎటు పోతుంది?

గ్రాఫింగ్ కాలిక్యులేటర్ చేసే పని, పదో తరగతి విద్యార్థి గ్రాఫ్ పేపరు మీద చేసే పనే. ఎక్స్‌కి ఒక విలువ ఇవ్వడం, వై ఎంతో లెక్కకట్టడం, చుక్క పెట్టడం, చుక్కల్ని కలపడం. తేడా అంతా చుక్కల సంఖ్యలోనూ వేగంలోనూ ఉంది. విద్యార్థి −3 నుంచి 3 దాకా ఏడు చుక్కలతో సరిపెట్టుకుంటాడు. యంత్రం తెర ఈ చివర నుంచి ఆ చివర దాకా వందల చోట్ల లెక్కకట్టి రెప్పపాటులో గీత చూపిస్తుంది. 1985లో కాసియో తెచ్చిన ఎఫ్ఎక్స్-7000జి ఈ పనికి వచ్చిన మొదటి చేతి యంత్రం. దాని తెర మీద అడ్డంగా 96, నిలువుగా 64 చుక్కలే. 1990లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టిఐ-81 వచ్చింది. ఆ తర్వాత అమెరికా హైస్కూలు పిల్లల సంచుల్లో ఇలాంటి యంత్రం మామూలైపోయింది గానీ, మన బడుల్లో దాని జాడ పెద్దగా లేదు. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో 2001లో మార్కస్ హోహెన్‌వార్టర్ మొదలుపెట్టిన జియోజీబ్రా, 2011లో అమెరికాలో ఎలై లూబరాఫ్ తెచ్చిన డెస్మోస్ వచ్చాక ఖరీదు మాట పోయింది. బ్రౌజరున్న ఫోను ఉంటే చాలు.

ఈ వారం ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం బజారులో కనబడిన ఒక పదో తరగతి గైడు. అందులో ఎక్స్² − 4ఎక్స్ + 3 బహుపదికి గ్రాఫ్ అచ్చువేశారు. పరావలయం అడుగు గుండ్రంగా తిరగలేదు, ఇంగ్లీషు వీ అక్షరంలా కోసుగా దిగింది. ఎలా జరిగిందో కనిపెట్టడం కష్టం కాదు. (1, 0), (2, −1), (3, 0) అని మూడు చుక్కలు పెట్టి స్కేలుతో కలిపేశారు. ఆ పక్క పేజీలో ఎక్స్² − ఎక్స్ − 12 ఉంది. దాని అడుగు బల్ల చెక్కలా చదునుగా ఉంది, ఎందుకంటే ఎక్స్ సున్నా అయినా ఒకటి అయినా వై −12 వస్తుంది. ఆ రెంటి మధ్య, ఎక్స్ = 1/2 దగ్గర, వై −12.25 దాకా దిగుతుందన్న సంగతి పట్టికలో లేదు కనుక బొమ్మలోకీ రాలేదు. శూన్యాలు రెండూ సరిగ్గా ఉన్నాయి కాబట్టి మార్కులు పడతాయి. పరావలయం మాత్రం పోయింది.

ముందు కాగితం, తర్వాతే తెర అన్నది ఈ శీర్షికలో పలుమార్లు వచ్చిన వాదన. దానికి బలమైన కారణాలున్నాయి. చేత్తో గీసేవాడు స్కేలు తానే ఎంచుకోవాలి. వై-అక్షం మీద 1 సెంటీమీటరు ఒక యూనిట్ అనుకుంటే −12 కాగితం దాటిపోతుందేమో చూసుకోవాలి. సున్నాకీ ఒకటికీ మధ్య ఏం జరుగుతోందన్న అనుమానం వచ్చినప్పుడు ఎక్స్‌కి 1/2 ఇచ్చి చూడాలి. ప్రమేయం అంటే ఒక్కో ఎక్స్‌కీ ఒక్కో వై అన్న మాట వేళ్లకు తెలిసేది అప్పుడే. తెర మీద ఈ నిర్ణయాలన్నీ యంత్రం తీసుకుంటుంది. సమీకరణం కొట్టగానే గీత వస్తుంది, ఆ గీత ఎక్కడి నుంచి వచ్చిందో అడిగే అవసరం పిల్లవాడికి రాదు.

పైగా యంత్రం గీసినదల్లా నిజం కాదు. మొదట సైన్ ప్రమేయం తీసుకుందాం. తెర −10 నుంచి 10 దాకా ఉండి, యంత్రం వెయ్యి చోట్ల లెక్కకడుతోందనుకుంటే, 0.02కి ఒక చుక్క పడుతుంది. సైన్(100π ఎక్స్) ఆవర్తనం సరిగ్గా 0.02. అంటే ప్రతి చుక్కా అల ఒకే స్థితిలో ఉన్నప్పుడు, విలువ సున్నా అయినప్పుడే పడుతుంది. రెండు చుక్కల మధ్య అల పూర్తిగా పైకి లేచి కిందికి దిగి వస్తున్నా, తెర మీద కనబడేది ఎక్స్-అక్షం మీద పడుకున్న ఒక గీత. ఇప్పటి మంచి సాఫ్ట్‌వేర్లు మధ్యలో అదనపు చుక్కలు తీసుకుని దీన్ని చాలావరకు తప్పించుకుంటాయి. అయినా అల జోరు పెంచుతూ పోతే ఎక్కడో ఒకచోట చిక్కుతాయి.

పాత చేతి యంత్రాలు టాన్ ప్రమేయానికి π/2 దగ్గర లేని నిలువు గీత గీసేవి. పైకి పోయిన చివరి చుక్కనీ, కింద నుంచి వచ్చే మొదటి చుక్కనీ కలిపేయడమే అందుకు కారణం. గైడు చేసిందీ ఇదే. (ఎక్స్² − 1)/(ఎక్స్ − 1) అని కొడితే తెగని సరళరేఖ కనిపిస్తుంది. ఎక్స్ = 1 దగ్గర ఆ ప్రమేయానికి విలువే లేదు, గీతలో (1, 2) దగ్గర ఒక బిందువు ఖాళీగా ఉండాలి. బిందువుకు వెడల్పు లేదు కనుక ఆ ఖాళీ కంటికి ఆనదు. పట్టిక తెరిచి ఎక్స్ గడిలో 1 వేస్తే అప్పుడు మాత్రం నిర్వచితం కాదన్న జవాబు వస్తుంది.

ఇంటర్ పిల్లలకు ఇంకా పనికొచ్చేది (1 + 1/ఎక్స్) అనే మొత్తాన్ని ఎక్స్ ఘాతానికి ఎత్తే ప్రమేయం. ఎక్స్ 10 అయితే విలువ 2.59, 100 అయితే 2.70, 1000 అయితే 2.717. అది ఈ అనే సంఖ్య వైపు, అంటే 2.71828 వైపు పోతుందని అవధుల పాఠంలో చెబుతారు. తెరని కుడికి లాగుతూ 10 ఘాతం 15 దాకా పోతే, నున్నగా ఉండాల్సిన గీత రంపం పళ్లలా ఎగిరెగిరి పడుతుంది. 10 ఘాతం 16 దగ్గర 1కి పడిపోతుంది. కంప్యూటర్ ఒక సంఖ్యలో సుమారు 16 అంకెలే దాచుకోగలదు. ఒకటికి అంత చిన్న భిన్నం కలిపితే దాని లెక్కలో అది ఒకటిగానే మిగులుతుంది, ఒకటిని ఎంత ఘాతానికి ఎత్తినా ఒకటే. అవధి అనేది చూసి నమ్మేది కాదని, నిరూపించి తీరాల్సిందని చెప్పడానికి ఇంతకన్నా మంచి బొమ్మ పాఠ్యపుస్తకంలో దొరకదు.

ఇంతవరకు చూస్తే కాగితం వాదనే గెలిచినట్టు అనిపిస్తుంది. స్లైడర్ దగ్గరికి వచ్చేసరికి కథ వేరు.

డెస్మోస్‌లో వై = ఎక్స్² + బి·ఎక్స్ + 1 అని కొట్టగానే, బి అంటే ఏమిటో తనకు తెలియదు కనుక, స్లైడర్ కావాలా అని అడుగుతుంది. సరేనంటే −10 నుంచి 10 దాకా జరిపే ఒక మీట వస్తుంది. ఎక్స్² ముందున్న గుణకాన్ని పెంచితే పరావలయం ఇరుకవుతుందని, చివరి స్థిరరాశిని పెంచితే పైకి లేస్తుందని పిల్లలు సులువుగా పోల్చుకుంటారు. బి పెంచితే ఏమవుతుందని అడిగితే చాలామంది పక్కకు జరుగుతుందంటారు. ఉపాధ్యాయుల్లోనూ ఆ జవాబు చెప్పేవాళ్లున్నారు. మీట జరిపి చూస్తే అది పక్కకు మాత్రమే జరగదు, జరుగుతూ కిందికి కూడా దిగుతుంది. బి సున్నా అయినప్పుడు శీర్షం (0, 1) దగ్గర ఉంటుంది. బి = 2 అయితే (−1, 0), బి = 4 అయితే (−2, −3). మీట ఎడమకి తిప్పి −2, −4 ఇస్తే (1, 0), (2, −3). ఆ అయిదు శీర్షాలూ మరో పరావలయం మీద ఉన్నాయి, అది తలకిందులుగా ఉంది.

ఎందుకన్నది నోటుబుక్కులో రెండు వరసల పని. శీర్షం ఎక్స్ నిరూపకం −బి/2, వై నిరూపకం 1 − బి²/4. మొదటిదాన్ని రెండోదాంట్లో పెడితే వై = 1 − ఎక్స్². ఆ సమీకరణాన్ని కింద ఇంకో గడిలో కొడితే రెండో రంగులో గీత వచ్చి, బి ఎంతైనా శీర్షం దాని మీద నుంచి జారిపోకుండా ఉంటుంది. మీట జరుపుతుండగా ఇంకోటి కూడా కనబడుతుంది. ఈ పరావలయాలన్నీ (0, 1) గుండానే పోతాయి, ఆ బిందువు దగ్గర గీత ఎంత ఏటవాలుగా ఉందన్నది బి చెబుతుంది. వై-అక్షాన్ని దాటేచోట స్పర్శరేఖ వాలే బి. ఇంటర్‌లో అవకలనాలు వచ్చేదాకా ఈ మాట ఎవరూ చెప్పరు, అప్పుడు కూడా తొమ్మిదో పదో తరగతిలో చూసిన బితో దాన్ని ముడిపెట్టరు.

ఇది కాగితం మీద రాదు. ఒక్కో బికి ఒక్కో పట్టిక వేసి, ఒక్కో గీత గీసి, అయిదారు గీతల తర్వాత శీర్షాల దారి పోల్చుకోవాలంటే పీరియడ్ అయిపోతుంది, పిల్లల ఓపికా అయిపోతుంది. ఒక్క గ్రాఫ్ గీయడానికి కాగితం ముందు రావాలి. ఒక అక్షరం విలువ మారుతుంటే గ్రాఫులన్నీ ఎలా కదులుతాయో తెలుసుకోవడానికి తెర ముందు రావాలి, కాగితం నిరూపణకి ఆ తర్వాత రావాలి. రెండోది మొదటిదానికన్నా తక్కువ గణితం కాదు. నిజానికి బీజగణితం అక్షరాలతో మాట్లాడేది ఇలాంటి కుటుంబాల గురించే.

గైడులోని కోసు పరావలయానికి కూడా మందు తెర మీదే ఉంది. ఎక్స్² − 4ఎక్స్ + 3 ఒక గడిలో, ఎక్స్ − 2 మాడ్యులస్ నుంచి ఒకటి తీసేసిన ప్రమేయం ఇంకో గడిలో కొట్టాలి. రెండూ (1, 0), (2, −1), (3, 0) గుండానే పోతాయి. గైడు అచ్చువేసిన అడుగు ఈ రెండోదానిది. ఇప్పుడు (2, −1) మీద వేళ్లుంచి జూమ్ చేస్తూ పోవాలి. పరావలయం క్రమంగా చదునై, చివరికి అడ్డగీతలా కనిపిస్తుంది. మాడ్యులస్ గీత ఎంత దగ్గరికి పోయినా అదే కోసుతో, అదే కోణంతో ఉంటుంది. ఒక బిందువు దగ్గర అవకలనం ఉండటమంటే ఏమిటో, లేకపోవడమంటే ఏమిటో ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లవాడు నిర్వచనం చదివేముందే కళ్లారా చూడొచ్చు.

తరగతిలో దీన్ని నడపడానికి ఉపాధ్యాయుడి ఫోనూ ఒక ప్రొజెక్టరూ ఉంటే సరిపోతుంది. ప్రొజెక్టర్ లేనిచోట నలుగురికొక ఫోను. మీట జరిపేముందు ప్రతి ఒక్కరూ గీత ఎటు పోతుందో నోటుబుక్కులో గీసి పెట్టుకోవాలి. ఈ ఒక్క నియమం తప్పితే తెర సినిమా అయిపోతుంది. అక్షాల స్కేళ్లు రెండూ సమానంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే ఎక్స్² + వై² = 25 వృత్తం కోడిగుడ్డులా కనిపించి అనవసరపు అనుమానాలు వస్తాయి.

పరీక్షల మాట కూడా తేలాలి. పది, ఇంటర్ పబ్లిక్ పరీక్షల్లోనూ జేఈఈలోనూ కాలిక్యులేటర్ నిషిద్ధం. అమెరికా చదువుల కోసం శాట్ రాసే మన పిల్లలకు మాత్రం, 2023లో అమెరికా బయటి దేశాల్లో మొదలైన డిజిటల్ పరీక్షలో డెస్మోస్ తెర మీదే ఉంటుంది. ఇక్కడి హాల్లోకి ఫోను రానివ్వాల్సిన పని లేదు, ప్రశ్న మారితే చాలు. ఎక్స్² + బి·ఎక్స్ + 1 కుటుంబంలోవి మూడు పరావలయాలు ప్రశ్నపత్రంలో అచ్చువేసి, బి = 2కి చెందినది ఏదో, ఎక్స్-అక్షాన్ని అసలు తాకనిది ఏదో, ఎందుకో రాయమని అడగవచ్చు. తెర మీద మీట జరిపి చూసిన పిల్లవాడు, బి −2కీ 2కీ మధ్య ఉన్నంతసేపు గీత అక్షానికి పైనే ఉంటుందని విచక్షణితో నిరూపించి, నాలుగు వరసల్లో జవాబు రాస్తాడు.