మనోగాయం - సాక్ష్యం - న్యాయం: జూడిత్ హెర్మన్ గ్రంథాల పరిశీలన

ఉపోద్ఘాతం:
మనోగాయం బాధితుల మనస్సులోని లోపం కాదని, మనుషుల మధ్య అధికార సంబంధాల ఫలితమని వాదించినవారిలో అమెరికన్ మానసిక వైద్యురాలు జూడిత్ హెర్మన్ ముఖ్యులు. ‘ఫాదర్-డాటర్ ఇన్సెస్ట్’ (1981), ‘ట్రామా అండ్ రికవరీ’ (1992), ‘ట్రూత్ అండ్ రిపేర్’ (2023) గ్రంథాలలో ఆమె ఆలోచన సాగిన తీరును పరిశీలించి, సాహిత్య విమర్శకు దాని ప్రయోజనాన్ని చర్చించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వినడమే పరిశోధన:
తండ్రుల లైంగిక హింసకు గురైన 40 మంది స్త్రీల అనుభవాలు మొదటి గ్రంథానికి ఆధారం. ఇటువంటి ఘటనలు పది లక్షల మందిలో ఒకరికి జరుగుతాయని 1975 నాటి ప్రామాణిక వైద్య పాఠ్యగ్రంథం పేర్కొంది. ఆ అంకెను ప్రశ్నార్థకం చేసింది కొత్త పరికరమేదీ కాదు. స్త్రీల మాటను నమ్మి వినడమే. స్త్రీవాద ఉద్యమం లేకుండా ఆ వినికిడి సాధ్యమయ్యేది కాదని హెర్మన్ స్వయంగా ప్రతిపాదించారు.

2. ఇల్లు - చెర:
రెండవ గ్రంథం రాజకీయ ఖైదీ అనుభవాన్నీ, ఇంట్లో హింసకు బందీ అయిన స్త్రీ అనుభవాన్నీ పక్కపక్కన నిలిపింది. ఒక్క దుర్ఘటన మిగిల్చే గాయానికీ, తప్పించుకోలేని సంబంధంలో ఏళ్ల తరబడి సాగే హింస మిగిల్చే గాయానికీ భేదాన్ని గుర్తించి, రెండవదానికి ‘కాంప్లెక్స్ పి.టి.ఎస్.డి.’ అనే పేరును ప్రతిపాదించింది. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ దీనిని స్వీకరించింది. 2013 నాటి అమెరికన్ వర్గీకరణ డి.ఎస్.ఎం.-5 మాత్రం ప్రత్యేక రుగ్మతగా చేర్చలేదు.

3. క్రమంలోని చిక్కు:
భద్రత, స్మరణ-శోకం, పునస్సంబంధం అనేవి హెర్మన్ చెప్పిన మూడు దశలు. భద్రత కేవలం మానసికం కాదని, నివాసం, ఆదాయం కూడా అందులో భాగమని ఆమె గుర్తించారు. అయినా హింసించినవారి ఇల్లు తప్ప వేరే నీడ లేని స్త్రీకి తొలిమెట్టే అందదు. అప్పుడు కోలుకోవడం చికిత్సాలయంలో తేలే విషయం కాదు. ‘ట్రూత్ అండ్ రిపేర్’లో న్యాయాన్ని నాలుగవ దశగా చేర్చడం ఈ వెలితిని కొంత పూరించింది. చూసి మౌనం వహించిన సమాజం కూడా జవాబుదారీ అన్నది ఆ గ్రంథసారం. అయితే న్యాయాన్ని చివర నిలపడం చర్చనీయం. చాలామందికి న్యాయం దొరకనిదే భద్రత ఉండదు. చివరి మెట్టు మొదటి మెట్టుకు ఆధారమవుతుంది.

4. విమర్శకు ఉపయోగం:
పాత్ర పడే ప్రతి దుఃఖాన్నీ ‘ట్రామా’ అనడం వల్ల ఆ మాట పదును కోల్పోతుంది. గాయపరిచినవారెవరు, ఆ సంబంధం నుండి బయటపడే దారి ఉందా, ఆమె మాటను కథలో ఎవరు విన్నారు అనే మూడు ప్రశ్నలు వేసినప్పుడే ఆ పరిభాష సార్థకమవుతుంది. కథనంలోని తెగిన వాక్యం, దాటవేత, మౌనం కూడా అప్పుడు శిల్పలోపాలుగా కాక సాక్ష్యాలుగా కనిపించవచ్చు.

ముగింపు:
హెర్మన్ కృషి ‘ఆమెకేమైంది’ అనే ప్రశ్నను ‘ఆమెను ఎవరేం చేశారు, మిగిలినవారు ఏం చేశారు’ అనే ప్రశ్నగా మార్చింది. దశల క్రమంపై ఎంత చర్చ జరిగినా, ఈ ప్రశ్న మార్పును విస్మరించి మనోగాయ సాహిత్యాన్ని విశ్లేషించడం అసమగ్రమే అవుతుంది.