నాలుగు గోడల మధ్య కులం ఉండదా?

1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో ఒక మెలిక ఉంది. కులం పేరుతో దూషిస్తే, అది నలుగురి కంటపడే చోట జరిగితేనే ఆ సెక్షను వర్తిస్తుంది. 2015 సవరణ ఎన్నో మార్చింది గానీ ఈ మెలికను కదపలేదు.

2020 నవంబరులో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు దీన్నే పట్టుకుంది. ఉత్తరాఖండ్‌కు చెందిన దళిత మహిళ ఫిర్యాదులో ఈ చట్టం కింది అభియోగాన్ని కొట్టేసింది. తిట్టింది నాలుగు గోడల మధ్య, అక్కడ బయటి జనం లేరు, పైగా అది భూతగాదా అంది.

ఈ తీర్పుతో మాకు రెండు పేచీలున్నాయి. దళితుల భూమిని ఆక్రమించడం, వాళ్లను అందులోంచి గెంటేయడం అత్యాచారమేనని ఇదే చట్టం మొదటినుంచీ చెబుతోంది. మరి భూమినీ కులాన్నీ కోర్టు ఎట్లా విడదీస్తుంది? కులం కారణంగానే అవమానించారని రుజువు కావాలనడం సబబే. అది విచారణలో తేలాలి. విచారణకు ముందే తలుపు మూస్తే ఎట్లా?

రెండోది సాక్షుల సంగతి. గేటు దగ్గర దూషిస్తే నలుగురి కంటపడినట్టేనని 2008లో స్వరణ్ సింగ్ కేసులో ఇదే కోర్టు చెప్పింది. ఆ లెక్కన అదే తిట్టు, బయటివాళ్లు లేని వంటింట్లో తిడితే ఈ సెక్షను కిందికి రాదు. పాచిపని చేసే మన ఆడవాళ్లకు, దొడ్లో పాలేరుకు సాక్షులెక్కణ్ణించి వస్తారు? అక్కడుండేది ఆసామీ, అతని చుట్టాలే గదా! వాళ్లు జనం కిందికి రారని కోర్టే అంటోంది.

అవమానం పడ్డ మనిషి కంటికి విలువ లేదా? ఆ మెలికను చట్టంలోంచి తీసెయ్యమని పార్లమెంటును అడగాలి. మేం అడుగుతున్నాం.