గుగ్గిలం కలిపిన వెలుగు

గాజు పలక మీద పలుచగా పూసిన అవిసె నూనె ఆరేకొద్దీ బరువెక్కుతుంది. ఆరడమంటే ఇక్కడ ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ను లాక్కుని, నూనె అణువులు వలలా అల్లుకుంటాయి. అందుకు అవిసె నూనెలో దాదాపు సగం దాకా ఉండే లినోలెనిక్ ఆమ్లం బాగా సాయపడుతుంది. మన వేరుశెనగ నూనెలో అది లేనట్టే, అందుకే దానితో రంగు కలిపితే గట్టి పొర కట్టదు.

రోజుల తరబడి సాగే ఈ పని మీద నాకు గౌరవం. దాన్ని తోసుకుని ముందుకెళ్ళాలనుకున్న చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ గురించి చదివినప్పుడల్లా బాధేస్తుంది. లండన్ రాయల్ అకాడమీ తొలి అధ్యక్షుడాయన. వెనిస్ చిత్రకారుడు టిషియన్ రంగుల్లోని వెలుగు కోసం జీవితమంతా తపించాడు. రహస్యం తెలుసుకోవడానికి పాత వెనిస్ చిత్రాలను గీకి కూడా చూశాడని చెబుతారు.

ఆయన ఇష్టపడిన మిశ్రమాల్లో మెగిల్ప్ ఒకటి. సీసపు ఆక్సైడ్ వేసి కాచిన అవిసె నూనెలో, టర్పెంటైన్‌లో కరిగించిన మాస్టిక్ గుగ్గిలం కలిపితే కాసేపట్లో జెల్లీలా పేరుకుంటుంది. కుంచె ఆడిస్తే జారుతుంది, ఎత్తగానే నిలుస్తుంది. ఎంత హాయో! కానీ గుగ్గిలం నూనెలా అల్లుకోదు, కాలంతో పసుపుబారి పెళుసవుతుంది. రేనాల్డ్స్ మైనం కలిపాడు, తారులాంటి బిట్యుమెన్ కూడా వాడాడు. బిట్యుమెన్ ఉన్నచోట నూనె సరిగా బిగుసుకోదు. మెత్తటి పొర మీద త్వరగా బిగిసే పొర పడితే పగలక ఏమవుతుంది? ఆయన బతికుండగానే చిత్రాలు పగిలాయి, ముఖాల్లో ఎరుపు వెలిసిపోయింది.

ఆయన 1792లో పోయాడు. 1797 నాటికి ఆన్ ప్రోవిస్ అనే యువతి వెనిస్ రహస్యం తన దగ్గరుందంటే, అకాడమీ చిత్రకారులు డబ్బు కట్టి మరీ నేర్చుకున్నారు. అది మోసమని తేలింది. అయినా ఆ ఆశను ఎగతాళి చేయడానికి నాకు మనసొప్పదు.

తర్వాతి కాలంలో లండన్ నేషనల్ గ్యాలరీ శాస్త్రవేత్తలు టిషియన్ చిత్రాల నుంచి తీసిన రేణువులను పరీక్షించారు. కనిపించింది ప్రధానంగా అవిసె నూనె, అక్రోటు నూనె. అక్కడక్కడా కొంచెం పైన్ గుగ్గిలం. మరి ఆ వెలుగు? తెల్లని అడుగు మీద, ఒకటి ఆరాక ఒకటిగా వేసిన పారదర్శకమైన పలుచని పొరలది.

రేనాల్డ్స్ చిత్రాలను బాగుచేసేవాళ్ళ చిక్కు ఇంకా తీరలేదు. పైన పసుపుబారిన వార్నిష్‌ను కరిగించే ద్రావకమే కింద రంగులోని గుగ్గిలాన్నీ కరిగిస్తుంది. అందుకే వాళ్ళు చాలాసార్లు వార్నిష్‌ను పూర్తిగా తీయరు, కొంత పలుచన చేసి ఆపేస్తారు.